గుసల్‌ఖానా టైల్స్ ఎవరు పసంద్ చేయాలి?



షాబాన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి సున్నాలు, రంగులు. రెండోది గుసల్‌ఖానా పగలగొట్టడం. రంజాన్‌లో ఇఫ్తార్‌కి మెహమాన్లు వస్తారు, ఈద్‌కి కూతురూ అల్లుడూ వస్తారు, ఈద్ దాటగానే ఇంట్లో ఎవరిదో ఒకరి నిఖా ఉండనే ఉంటుంది. దుబాయ్‌లోనో రియాద్‌లోనో ఉన్న కొడుకు డబ్బు పంపుతాడు. డబ్బుతో పాటు వాట్సాప్‌లో ఒక ఫొటో కూడా పంపుతాడు. "అమ్మీ, అచ్చం ఇలాగే చేయించు" అని. చూస్తే అది ఏదో హోటల్ బాత్రూమ్. కింద, పైన, చుట్టూ అద్దంలా మెరిసే తెల్లటి టైల్స్. మొహం చూసుకోవచ్చు. మాషా అల్లాహ్, ఫొటో బాగానే ఉంటుంది. కానీ ఆ ఫర్షు మీద నడవాల్సింది ఫొటో పంపినవాడు కాదు. డెబ్బై ఏళ్ళ అమ్మీ. అదీ ఫజర్‌కి ముందు, నిద్ర కళ్ళతో, తడి కాళ్ళతో.

నా మాట సూటిగా చెప్పేస్తాను. గుసల్‌ఖానా టైల్స్ పసంద్ చేసే హక్కు మొదట దాని మీద నడిచే బుజుర్గులది. తర్వాత దాన్ని రోజూ కడిగేవాళ్ళది. డబ్బు పంపినవాళ్ళది, షాపువాళ్ళది, ఈద్‌కి వచ్చి పది నిమిషాలు చూసిపోయే మెహమాన్లది ఆ తర్వాతి మాట. మన దగ్గర ఇది పూర్తిగా తలకిందులుగా నడుస్తోంది.

మా ముమానీ సంగతి మా ఖాందాన్‌లో అందరికీ తెలుసు. కొత్తగా చేయించిన గుసల్‌ఖానాలో వుజూ చేస్తూ, కాలు ఎత్తి వాష్‌బేసిన్‌లో పెట్టి కడుక్కుంటూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ప్లేటు వేశారు, అయినా ఆమె ఆ తర్వాత ఎప్పుడూ నిలబడి నమాజ్ చదవలేకపోయింది. కుర్చీ మీదే. ఆ ఇంట్లో గోడలకి పూల డిజైన్ టైల్స్, మధ్యలో బంగారు రంగు పట్టీ, పైకప్పు దాకా. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ముందు ముమానీని పలకరించి, తర్వాత గుసల్‌ఖానా చూసి "బహుత్ ఖూబ్" అనిపోయేవారు. నాకు ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

అందుకే పోయిన ఏడాది మా ఇంట్లో గుసల్‌ఖానా మరమ్మతు అనుకున్నప్పుడు, మా వారిని, పిల్లల్ని కూర్చోబెట్టి హిసాబ్ చేశాను. మా గుసల్‌ఖానా 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. నల్గొండలో పాత ఇళ్ళల్లో ఇంతకంటే పెద్దది ఉండదు. ఫర్షు 40 చదరపు అడుగులు. గోడలకి 7 అడుగుల ఎత్తు దాకా డాడో వేస్తే, తలుపు తీసేయగా, దాదాపు 165 చదరపు అడుగులు. అంటే గోడ ఫర్షుకి నాలుగింతలు. షాపువాళ్ళు గోడల గురించే ఎందుకంత షౌఖ్‌గా మాట్లాడతారో దీంట్లోనే ఉంది. ఇంకో సంగతి కూడా దీంట్లోనే ఉంది. ఫర్షు టైల్‌కి అడుగుకి 50 రూపాయలు ఎక్కువ పెట్టి మంచి రకం తెచ్చినా అదనపు ఖర్చు 2,000 రూపాయలే. గోడల మీద ఆ బంగారు పట్టీ ఒక్కటి మానేస్తే ఇది వచ్చేస్తుంది. డబ్బు లేక అమ్మీలు జారిపడటం లేదు. ఉన్న డబ్బు గోడకెక్కుతోంది, అంతే.

ఇక టైల్స్ షాపుకి వెళ్ళినప్పుడు ఏం చూడాలో చెప్తాను. మనకి వచ్చే టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. పేర్లు వందల రకాలు. ఆ పేర్లతో మనకి పనిలేదు. తెలుసుకోవాల్సింది రెండు జాతులు: గోడకి వేసే సిరామిక్, ఫర్షుకి వేసే విట్రిఫైడ్. గోడ టైల్ ఒళ్ళు మెత్తన. దాని వెనక వైపు నాలుగు చుక్కల నీళ్ళు పోయండి, చూస్తుండగానే తాగేస్తుంది. తన బరువులో పదో వంతు కంటే ఎక్కువ నీళ్ళు పీల్చుకునే రకం అది. విట్రిఫైడ్ అలా కాదు, అరశాతం కూడా పీల్చదు. గట్టిది, బరువు ఆపుతుంది. గోడ టైల్స్ ఒక డబ్బా మిగిలిందని ఫర్షుకి వేయించేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. బకెట్టు జారిపడితే పగిలిపోతుంది.

జారడం సంగతి ఇంకా ముఖ్యం. షాపులో "మ్యాట్ ఫినిష్ మేడమ్, జారదు" అంటారు. మెరవనిదల్లా జారనిది కాదు. మ్యాట్ అన్నది కంటి సంగతి. జారకపోవడం కాలి సంగతి. దానికి వేరే పరీక్ష ఉంది. మంచి కంపెనీల డబ్బాల మీదో కేటలాగ్‌లోనో ఆర్-9, ఆర్-10, ఆర్-11 అని ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. ఇది జర్మనీ వాళ్ళ పద్ధతి. నూనె పోసిన వాలు బల్ల మీద బూట్లు వేసుకున్న మనిషిని నడిపించి, ఎంత వాలు దగ్గర జారాడో చూసి ఇచ్చే నంబరు. మనం గుసల్‌ఖానాలోకి బూట్లతో పోము కదా, అందుకని ఉత్త కాళ్ళకి, సబ్బు నీళ్ళ మీద వేరే పరీక్ష ఉంది. దానికి ఏ, బీ, సీ అని అక్షరాలు ఇస్తారు. స్నానం చేసే చోటికి బీ గానీ సీ గానీ ఉంటే నిశ్చింత. మన షాపుల్లో ఈ అక్షరాలు అడిగితే చాలామంది మొహాలు చూసుకుంటారు. కనీసం ఆర్-10, దొరికితే ఆర్-11 అడగండి. ఆర్-9 ఇంట్లో హాల్‌కి చాలు, గుసల్‌ఖానాకి చాలదు.

నంబర్ల మీద నమ్మకం లేకపోతే నేను చేసింది చేయండి. పర్సులో ఒక నీళ్ళ సీసా, ఒక రూపాయి షాంపూ పాకెట్టు వేసుకుని వెళ్ళాను. నచ్చిన టైల్‌ని కింద పెట్టించి, నీళ్ళు పోసి, షాంపూ రుద్ది, చెప్పు విప్పి కాలు పెట్టి చూశాను. అమ్మీజాన్ చేత కూడా పెట్టించాను. షాపు కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు, మా వారు పక్క షెల్ఫు వైపు తిరిగి ఎవరో తెలియనట్టు నిలబడ్డారు. నవ్వనీ. పదకొండు టైల్స్ మీద కాలు పెట్టిన అమ్మీజాన్ రెండింటికి "హా, యే ఠీక్ హై" అంది. ఆ రెండింట్లోంచే తీసుకున్నాం. ఏది తీసుకోవాలన్నది కాలే చెప్పింది.

దీనికి ఒక తక్లీఫ్ ఉందని ఒప్పుకోవాలి. పట్టున్న టైల్ గరుకుగా ఉంటుంది, గరుకు మీద మురికి నిలుస్తుంది. తుడుపుకర్రతో ఒకసారి అలా లాగేస్తే సరిపోదు, వారానికి రెండుసార్లు బ్రష్ పట్టాలి. మరీ ఇసుక కాగితంలా ఉండేది తీసుకుంటే కడిగేవాళ్ళ చేతులు పోతాయి. అందుకే కడిగేవాళ్ళని కూడా షాపుకి తీసుకెళ్ళమంటున్నాను. బహూ కడిగితే బహూని. పనమ్మాయి కడిగితే ఆమెని. ఆశ్చర్యపోకండి, మా ఇంట్లో పనికి వచ్చే ఆమె ఒక్కమాటలో తేల్చింది: "నల్లవి వద్దమ్మా, మన బోరు నీళ్ళకి తెల్లగా పొర్లు పట్టేస్తయి." నల్గొండ బోరు నీళ్ళు ఎంత ఉప్పువో మాకు తెలుసు, కుళాయి మూతి చూస్తే చాలు. ముదురు రంగు మీద ఆ తెల్ల మచ్చలు దాగవు. మరీ తెల్లవి వేస్తే తల వెంట్రుక కూడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. లేత బూడిద రంగు మాకు కుదిరింది.

టైల్ పెద్దదా చిన్నదా అన్న దాంట్లో కూడా మన మోజు తప్పుదారి పట్టింది. ఇప్పుడు రెండు అడుగులకి నాలుగు అడుగుల పలకలు ఫ్యాషన్. గోడకైతే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, సందులు తక్కువ కాబట్టి తుడవడమూ తేలికే. ఫర్షుకి మాత్రం వద్దు. గుసల్‌ఖానా ఫర్షు చాపలా సమంగా ఉండకూడదు. నాలుగు వైపుల నుంచి నీళ్ళు జాలీ వైపు పోవాలి. దాన్నే మిస్త్రీలు వాటం అంటారు. స్నానం చేసే చోట అడుగుకి పావు అంగుళం చొప్పున దిగాలి. అంటే నాలుగు అడుగుల దూరంలో ఒక అంగుళం. పెద్ద పలక అన్ని వైపులకీ వంగదు. వంచాలంటే మూలల వెంట కోయాలి. కోయడం ఇష్టంలేని మిస్త్రీ వాటం తగ్గించేస్తాడు. అప్పుడు నీళ్ళు మూలల్లో నిలుస్తాయి. నిలిచిన నీళ్ళల్లో సబ్బు, పాకుడు, ఆపైన జారుడు. వేసిన బట్ట కింద తగిలితే అది పాకా నాపాకా అన్న వస్‌వసా వేరే. ఒక అడుగు చదరం టైల్ గానీ అంతకంటే చిన్నది గానీ తీసుకుంటే వాటం చక్కగా వస్తుంది. పైగా సందులు ఎక్కువ ఉంటాయి కాబట్టి కాలికి అవే పట్టు ఇస్తాయి. అన్నట్టు ఆ జాలీ కింద పెట్టేదాన్ని నహానీ ట్రాప్ అంటారు, మన "నహానా"లోని మాటే. మిస్త్రీల నోట్లో అది నాని ట్రాప్ అయింది.

మొదటిసారి ఉమ్రా చేసొచ్చిన మా బంధువు ఒకాయన, హరమ్‌లో ఉన్నట్టు తెల్లటి మార్బుల్ వేయిస్తానని జిద్దు పట్టాడు. మతాఫ్‌లో పరిచింది గ్రీస్ దేశపు థాసోస్ ద్వీపం రాయి. ఎంత ఎండలోనూ కాళ్ళు కాలనివ్వదు. అది ఆరుబయట, ఎండ కింద, తుడవడానికి ఇరవై నాలుగు గంటలూ మనుషులున్న చోటు. మన ఐదడుగుల గుసల్‌ఖానాలో ఎండ ఎక్కడిది? పాలిష్ పట్టిన మార్బుల్ సబ్బు నీళ్ళకి జారుతుంది, యాసిడ్ చుక్క పడితే మచ్చ పడుతుంది. అఖీదత్ వేరు, ఫర్షు వేరు అని నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది.

రాయి మీద ఇష్టం ఉంటే మన రాయే ఉంది. తాండూరు బండ, షాబాద్ బండ, బేతంచెర్ల బండ, మన నానీల కాలంలో హమ్మామ్‌లన్నీ వీటితోనే కట్టారు. పాలిష్ చేయని, పొర విడదీసిన రఫ్ బండ తడి మీద కూడా కాలిని పట్టుకుంటుంది. ధర కూడా టైల్ కంటే తక్కువే పడుతుంది. ఇవన్నీ సున్నపురాళ్ళు కాబట్టి వీటి మీద యాసిడ్ పోయకూడదు, పోస్తే రాయి తినుకుపోతుంది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే వుజూ చోటుకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. కొత్తగా కట్టిన ఇళ్ళవాళ్ళు "బండలా? పాత ఇల్లులా ఉంటుంది" అంటారు. పాత ఇంట్లో ఎవరి తుంటి విరిగిందో ఒకసారి గుర్తు చేసుకోమనండి.

గోడల మీద టైల్స్ అందంగా ఉండకూడదని నేననడం లేదు. హైదరాబాద్‌లో బాద్‌షాహీ అషూర్‌ఖానా చూసినవాళ్ళకి తెలుసు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినది. గోడల మీద ఆ నీలం, పసుపు, ఆకుపచ్చ టైల్ పని నాలుగు వందల ఏళ్ళు దాటినా ఇంకా కళ్ళు తిప్పుకోనివ్వదు. అక్కడ కూడా కింది భాగం పాడైంది 1908 మూసీ వరదలోనే. టైల్‌కి కాలం దుష్మన్ కాదు, నీళ్ళే దుష్మన్. అషూర్‌ఖానాకి వరద ఎప్పుడో ఒకసారి వచ్చింది. మన గుసల్‌ఖానాకి రోజూ వస్తుంది.

అందుకని టైల్ కంటే టైల్ కింద ఏముందన్నది పెద్ద సంగతి. ఇది ఎవరికీ కనపడదు, ఎవరూ "బహుత్ ఖూబ్" అనరు, అందుకే మనవాళ్ళు దీని మీద ఖర్చు పెట్టరు. పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి అంటించేయమని చాలా ఇళ్ళల్లో అడుగుతున్నారు. దుమ్ము ఉండదు, రెండు రోజుల్లో అయిపోతుంది అని. పొడి గదిలో అయితే చేసుకోవచ్చు. కింద నీళ్ళు కారుతున్న గుసల్‌ఖానాలో అలా చేస్తే పుండు మీద పట్టుచీర కట్టినట్టే. పగలగొట్టాలి, పైపులు చూసుకోవాలి, ఫర్షు శుభ్రం చేసి వాటర్ ప్రూఫింగ్ పూత రెండు చేతులు వేయించాలి. ఫర్షుకే కాదు, గోడల మీద అడుగు ఎత్తు దాకా, షవర్ దగ్గర ఆరు అడుగుల దాకా. గోడా ఫర్షూ కలిసే మూల, పైపు బయటికి వచ్చే చోటు, ఈ రెండు చోట్లే నీళ్ళు దారి వెతుక్కుంటాయి.

పూత ఆరాక జాలీ మూసేసి, రెండు అంగుళాల నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, కనీసం ఒక రోజు, కుదిరితే రెండు రోజులు వదిలేయాలి. గీత కిందికి నీళ్ళు బాగా దిగిపోయినా, కింది పోర్షన్ స్లాబుకి చెమ్మ కనపడినా పూత మళ్ళీ వేయాలి. ఈ పరీక్షకి మిస్త్రీ ఒప్పుకోడు, ఎందుకంటే ఆ రెండు రోజులు అతని పని ఆగుతుంది. ఇంటివాళ్ళూ ఒప్పుకోరు, ఎందుకంటే వలీమా పది రోజుల్లో ఉంటుంది. అసలు తంటా అంతా ఈ జల్దీ వల్లే. షాదీకి ముందు పది రోజుల్లో గుసల్‌ఖానా మొదలుపెట్టకండి. పెళ్ళికూతురికి మీ టైల్స్ కంటే కారని కప్పు ముఖ్యం.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకి ఇది ఇంకా పెద్ద సంగతి. మన గుసల్‌ఖానా నీళ్ళు కింది ఇంటివాళ్ళ వంటింటి మీద చుక్కలుగా పడుతుంటే మన వుజూ ఎంత శ్రద్ధగా చేస్తే ఏం లాభం? పడోసీ హక్కు గురించి జుమా ఖుత్బాల్లో ఎన్నిసార్లు విన్నాం. పక్కింటివాళ్ళకి బిర్యానీ గిన్నె పంపించడం వరకే దాన్ని ఉంచేశాం. కింద ఉన్నది మన మజ్‌హబ్ వాళ్ళు కాకపోతే వ్యవహారం ఇంకో రంగు పులుముకుంటుందని కూడా మనందరికీ తెలుసు. ఒక రెండు రోజుల నీళ్ళ పరీక్ష ఎన్ని మాటల్ని ఆపుతుందో ఆలోచించండి.

మిస్త్రీ గురించి రెండు ముక్కలు. టైల్స్ పని చేసే కుర్రాళ్ళలో చాలామంది రాజస్థాన్, బీహార్, యూపీ నుంచి వచ్చినవాళ్ళు. మన ఇళ్ళవాళ్ళకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, మన ఉర్దూ వాళ్ళకి అర్థమవుతుంది. ఇంట్లో ఆడవాళ్ళం కూడా సూటిగా మాట్లాడుకోవచ్చు, మధ్యలో ఠేకేదార్ అక్కర్లేదు. వీళ్ళకి కూలీ చదరపు అడుగు లెక్కన ఇస్తాం. అడుగు లెక్కన పని ఇస్తే చేయి పరుగెత్తుతుంది. అది వాళ్ళ తప్పు కాదు, ఆ హిసాబ్ అలాంటిది. అందుకే నేను గోడలకి అడుగు లెక్క, ఫర్షుకి రోజు కూలీ అని మాట్లాడుకున్నాను. నలభై అడుగుల ఫర్షుకి రెండు రోజులు ఇవ్వండి, తాపీగా వాటం చూసుకుంటాడు. కూలీ ఏ రోజుది ఆ రోజే. చెమట ఆరక ముందే ఇవ్వాలని మనకి నేర్పింది ఎవరో చెప్పక్కర్లేదు.

అతను ఏం చేస్తున్నాడో కూడా కాస్త తెలుసుకుని ఉండాలి. గోడ సిరామిక్‌ని సిమెంటుతో వేసేటప్పుడు ముందు నీళ్ళల్లో నానబెడతారు, లేకపోతే అది సిమెంటులోని నీళ్ళు లాగేసుకుంటుంది. విట్రిఫైడ్‌కి వచ్చేసరికి సిమెంటు పాలు సరిగ్గా పట్టవు, ఎందుకంటే అది నీళ్ళు పీల్చదు. దానికి టైల్ అడెసివ్ వాడాలి. బస్తా మీద ఐ.ఎస్. 15477 అని ఉందా, విట్రిఫైడ్‌కి పనికొచ్చే రకమేనా చూసి కొనండి. అడెసివ్‌ని పళ్ళున్న తాపీతో ఫర్షంతా పరచాలి. టైల్ వెనక నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, లడ్డూల్లా ఐదు ముద్దలు పెట్టి అంటించేస్తే పని తొందరగా అవుతుంది గానీ లోపల ఖాళీలు ఉంటాయి. ఆ ఖాళీల్లోకి నీళ్ళు చేరతాయి, కొన్నాళ్ళకి వాసన మొదలవుతుంది, బరువు పడితే టైల్ పగులుతుంది. ఆరాక ఒక రూపాయి బిళ్ళతో ప్రతి టైల్ మీదా తట్టి చూడండి. గుల్లగా మోగితే అది తీసి మళ్ళీ వేయమనాలి. మొహమాటపడొద్దు. కుండ కొనేటప్పుడు తట్టి చూడమా?

టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు లేకుండా వేయమని అడగడం ఇంకో ఫ్యాషన్. రెండు, మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి, ప్లాస్టిక్ స్పేసర్లు పెడితే సమంగా వస్తుంది. ఆ సందులో తెల్ల సిమెంటు నింపే కాలం పోయింది. మామూలు సిమెంటు గ్రౌట్ నీళ్ళు తాగుతుంది, ఏడాదికి నల్లబడుతుంది. ఎపాక్సీ గ్రౌట్ ఖరీదు ఎక్కువ, నింపడం కూడా కష్టం, కానీ నీళ్ళు పీల్చదు, మరక పట్టదు. డబ్బు తక్కువైతే ఫర్షుకి, షవర్ గోడకి మాత్రం ఎపాక్సీ వేయించి మిగతా గోడలకి మామూలుది వేయించండి. గోడా ఫర్షూ కలిసే మూలలో గ్రౌట్ చీలుతుంది, అక్కడ సిలికాన్ పెట్టించాలి.

మన ఇళ్ళల్లో మాత్రమే వచ్చే సంగతులు రెండున్నాయి. టైల్స్ షాపులో ఎవరూ వీటి గురించి అడగరు.

మొదటిది కమోడ్ దిశ. హాజత్ తీర్చుకునేటప్పుడు ఖిబ్లా వైపు ముఖమో వీపో ఉండకూడదని మనకి తెలుసు. నాలుగు గోడల మధ్య మినహాయింపు ఉందని కొందరు ఉలమా అంటారు. హనఫీలం గోడల మధ్య కూడా జాగ్రత్త పడతాం. మన రెండు రాష్ట్రాల్లో ఖిబ్లా ఇంచుమించు పడమర, కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. అంటే కమోడ్ ఉత్తరం, దక్షిణం వరుసలో ఉండాలి. పాత ఇంట్లో అడ్డంగా ఉంటే మార్చడానికి ఇదే అదను. టైల్స్ పడ్డాక పైపు మార్చడం అయ్యే పని కాదు. మా మిస్త్రీకి ఈ సంగతి చెప్పబోతే "వాస్తు ప్రకారం కూడా అంతే కదా మేడమ్" అన్నాడు. పేచీ లేకుండా పోయింది.

రెండోది వుజూ. వాష్‌బేసిన్ ముఖం కడుక్కోవడానికి తయారైన వస్తువు. అందులో కాలు పెట్టి కడుక్కోవడమంటే తడి ఫర్షు మీద ఒంటికాలి మీద నిలబడటం. మన బుజుర్గులు రోజుకి ఐదుసార్లు ఈ సర్కస్ చేస్తున్నారు. మసీదులో ఇలా ఉండదు కదా. మక్కా మసీదు హౌజ్ దగ్గరైనా, గల్లీ మసీదు వుజూఖానాలోనైనా కూర్చుని చేస్తాం. ఇంట్లో మాత్రం ఎందుకు నిలబడాలి? గుసల్‌ఖానా బయట, వరండాలోనో వాష్ ఏరియాలోనో మూడడుగుల చోటు చాలు. ఇటుకలతో చిన్న తిన్నె కట్టి, పైన రఫ్ బండ వేసి, ముందు చిన్న కాలువ, దానికి వాటం. మా ఇంట్లో తిన్నె 16 అంగుళాల ఎత్తు పెట్టించాం, అమ్మీజాన్ మోకాళ్ళకి అది సరిపోయింది. మీ ఇంట్లో ఎవరికి కావాలో వాళ్ళని కుర్చీ మీద కూర్చోబెట్టి కొలవండి. బయట ఉంటే బిస్మిల్లాహ్ అనడానికీ సంకోచం ఉండదు. కుళాయి సన్న ధార ఇచ్చేది పెట్టించండి. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఒక ముద్ద్ నీళ్ళతో, అంటే రెండు చేతుల దోసిలి నిండే కొలతతో, వుజూ చేసేవారు. మనం కుళాయి తిప్పి వదిలేసి మసహ్ చేసేలోపే అర బకెట్టు పోగొడుతున్నాం. ఇస్రాఫ్ అంటే పెళ్ళి విందు ఒక్కటే గుర్తొస్తుంది మనకి.

గోడకి పట్టుకునే స్టీలు కడ్డీ కూడా ఈ సమయంలోనే అనుకోవాలి. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట నడుము ఎత్తున ఒకటి. తువ్వాలు కడ్డీ పట్టుకుని లేవడం అలవాటు చేయకండి, అది తువ్వాలు బరువుకే బిగించింది. ఇటుక గోడలోకి లోతుగా బోల్టు దిగాలి. ఎక్కడ రావాలో ముందే గీత పెట్టి ఉంచితే డ్రిల్లు వేసేటప్పుడు టైల్ పగలదు. "నేనేమైనా ముసలిదాన్నా" అని అమ్మీజాన్ మొదట అలిగింది. పిల్లల కోసమని చెప్పి పెట్టించాం. రోజూ పట్టుకునేది ఆమే.

అంతా అయ్యాక పాడుచేసేది మనమే. బండి మీద అమ్మే యాసిడ్ సీసా ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది. ఈద్ ముందు రోజు దాన్ని ఫర్షంతా పోసి రుద్దేస్తారు. టైల్ తెల్లబడుతుంది, నిజమే. దాంతో పాటు సిమెంటు గ్రౌట్ కరిగిపోతుంది, బండ అయితే గుంటలు పడుతుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లి దాని మీద యాసిడ్ పోస్తే వచ్చే గ్యాసు ఊపిరితిత్తులని కాలుస్తుంది. తలుపు మూసుకుని కడిగే చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. రెండూ ఒక చోట ఎప్పుడూ వాడొద్దు. సబ్బు నీళ్ళు, బ్రష్, కడిగాక వైపర్‌తో లాగేయడం. ఉప్పు మరకలకి సిర్కా నీళ్ళు కలిపి టైల్ మీద కాసేపు ఉంచి రుద్దితే చాలు. సున్నపు బండ మీద సిర్కా కూడా వద్దు.

టైల్స్ కొనేటప్పుడు లెక్కకి మించి పదింట ఒక వంతు ఎక్కువ కొనండి, కోతల్లో పోతాయి. మిగిలినవి షాపుకి తిరిగి ఇచ్చేయకండి. డబ్బా మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఉంటాయి. అదే పేరుతో, అదే డిజైన్ ఆరు నెలల తర్వాత కొన్నా రంగు కలవదు. రేపు పైపు రిపేరుకి రెండు టైల్స్ పగలగొట్టాల్సి వస్తే ఆ డబ్బాయే దిక్కు. మాది మెట్ల కింద ఉంది, డబ్బా మీద నంబరు చెరిగిపోకుండా మా వారు దాన్ని ఫొటో తీసి దాచారు, దాని మీద ప్రస్తుతం బియ్యం బస్తా కూర్చుంది.